శరణార్థి కుర్రకారుకు తోడుగా శనివారం కేంద్రం: బాలాపూర్ అనుభవంతో సమగ్ర మార్గదర్శి

మా కేంద్రానికి వచ్చే పిల్లల్లో సగం మందికి పైగా పుట్టినరోజు జనవరి 1. మొదటి ఏడాది ఆ సంగతి బోధపడక, భలే చిత్రం అనుకుని కొత్త సంవత్సరం నాడు పెద్ద కేకు మోసుకెళ్లాను. పదిహేడేళ్ల కుర్రాడొకడు కాగితం పళ్లెంలో ముక్క పెట్టుకుని నా పక్కన కూర్చున్నాడు. “భయ్యా, నేను వానాకాలంల పుట్టిన్నంట, అమ్మీ చెప్తది. కార్డు రాసేటాయన తారీఖు అడిగితే అబ్బాకు సాలు ఒక్కటే యాదికున్నది” అన్నాడు. తేదీ తెలియనివాళ్లకు జనవరి 1 అని రాసెయ్యడం శరణార్థుల నమోదులో మామూలే. మరుసటి శనివారం మా రిజిస్టర్‌లో వయసుకు రెండు గళ్లు గీశాను. ఒకటి కార్డు చెప్పే వయసు, రెండోది అమ్మ చెప్పే వయసు.

హైదరాబాద్ దక్షిణపు అంచున బాలాపూర్, షాహీన్‌నగర్, పహాడీ షరీఫ్ వైపు వెళ్తే ఖాళీ ప్లాట్లలో వెదురు, టార్పాలిన్, పాత ఫ్లెక్సీలతో కట్టిన గుడిసెల వరసలు కనిపిస్తాయి. ఆ నేలకు నెలనెలా అద్దె కడుతున్నది మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రం నుంచి వచ్చిన రోహింగ్యాలు. 1982 పౌరసత్వ చట్టంతో అక్కడ వాళ్లు ఏ దేశానికీ చెందనివాళ్లయ్యారు. 2012లో రఖైన్‌లో చెలరేగిన హింస తర్వాత కొందరు, 2017 ఆగస్టు 25న మొదలైన సైనిక దాడుల తర్వాత మరికొందరు బంగ్లాదేశ్ మీదుగా ఇక్కడికి చేరారు. అప్పుడు చంకనెక్కి వచ్చిన పిల్లలకు ఇప్పుడు మీసాలొచ్చాయి. ఇక్కడే పుట్టినవాళ్లు హైస్కూలు వయసులో ఉన్నారు.

చిన్నపిల్లలకు ఎలాగోలా బడి దొరుకుతుంది, మదర్సా ఉంటుంది, బిస్కెట్లు పంచేవాళ్లు వస్తారు. పెద్దవాళ్లు అడ్డా మీదికో, స్క్రాప్ గోదాంకో వెళ్తారు. పద్నాలుగేళ్లు దాటి ఇరవై నాలుగు లోపు ఉన్నవాళ్లను మాత్రం ఎవరూ పట్టించుకోరు. యువజన కేంద్రం అవసరం అక్కడే. నాలుగేళ్లుగా ఒక అద్దె గదిలో ఈ పని చేస్తూ తెలుసుకున్నవి, తప్పులు చేసి దిద్దుకున్నవి కింద వరసగా రాస్తున్నాను. ఎన్‌ఎస్‌ఎస్ విద్యార్థులు, కాలనీ సంఘాలవాళ్లు, రిటైరైన టీచర్లు, ఎవరైనా మొదలుపెట్టొచ్చు.

మొదటి అడుగు: చట్టం ఎక్కడిదాకా తోడొస్తుందో చూసుకోండి

1951 నాటి శరణార్థుల ఒడంబడిక మీద భారతదేశం సంతకం చెయ్యలేదు. శరణార్థులకంటూ మనకు ప్రత్యేక చట్టం లేదు. చట్టం దృష్టిలో వీళ్లు విదేశీయులు, అంతే. 2025 సెప్టెంబరు 1 నుంచి పాత 1946 విదేశీయుల చట్టం స్థానంలో వలస, విదేశీయుల చట్టం అమలులోకి వచ్చింది. విద్యాసంస్థలు తమ దగ్గర చేరిన విదేశీయుల వివరాలు రిజిస్ట్రేషన్ అధికారికి ఇవ్వాలన్న నియమం అందులో ఉంది. మీ కేంద్రం ఆ నియమం కిందికి వస్తుందా రాదా అని ఊహించుకోవద్దు. మొదలుపెట్టకముందే ఒక వకీలును అడగండి.

ఢిల్లీలోని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ, యూఎన్‌హెచ్‌సీఆర్, వీళ్లను నమోదు చేసి కార్డు ఇస్తుంది. ఆ కార్డు చూపిస్తే చాలామంది అధికారులు మర్యాదగా మాట్లాడతారు. అయినా అది పౌరసత్వం కాదు, వీసా కాదు, పంపించెయ్యరన్న హామీ అంతకన్నా కాదు. 2021 ఏప్రిల్‌లో జమ్మూ రోహింగ్యాల కేసులో సుప్రీంకోర్టు ఒక విషయం తేల్చింది. సమానత్వం, ప్రాణరక్షణ హక్కులు (14, 21 అధికరణాలు) పౌరులు కానివాళ్లకూ ఉంటాయి గానీ, దేశం నుంచి పంపించకుండా ఉండే హక్కు మాత్రం పౌరులదే అంది. మీ దగ్గరకొచ్చే కుర్రాడి బతుకు ఆ రెండు ముక్కల మధ్య ఉంటుంది. “ఏం కాదులేరా, నేనున్నాను” అని ఎప్పుడూ అనకండి. మీరు ఉంటే ఆగే వ్యవహారం కాదది, వాడికి ఆ సంగతి మీకన్నా బాగా తెలుసు.

స్థానిక పోలీస్ స్టేషన్‌కు వెళ్లి ఏ రోజు, ఏ వేళలో, ఏం నడుపుతున్నారో కాగితం మీద రాసిచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. మేము మొదట మొహమాటపడి వెళ్లలేదు. మూడో నెలలో ఎవరో ఫిర్యాదు చేస్తే కానిస్టేబుల్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన గట్టిగా ఒక్క మాట కూడా అనలేదు, అయినా తర్వాతి రెండు వారాలూ ఒక్క పిల్లాడు రాలేదు.

రెండో అడుగు: డబ్బు ఎక్కడినుంచి

అద్దె, టీ, నోటుబుక్కులు, బస్సు టికెట్లు. ఖర్చు ఇంతకు మించి పెద్దగా ఉండదు. ఆశ్చర్యంగా బస్సు టికెట్లే ఎక్కువ తింటాయి, ఎందుకో కింద చెప్తాను. విదేశాల్లో ఉన్న మన తెలుగువాళ్లు ఇలాంటి పనులకు చెయ్యి విదిలించడానికి సిద్ధంగా ఉంటారు. అక్కడ ఒక తిరకాసుంది. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. డాలస్‌లో ఉన్న మీ బాబాయి అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, భారత సంతతి విదేశీయులకిచ్చే ఓసీఐ కార్డున్నా అది విదేశీ విరాళమే. అప్పుడు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు లేకుండా ఆయన దగ్గర రూపాయి తీసుకోకూడదు. వీలైతే పాస్‌పోర్టు పేజీ నకలు అడిగి ఫైల్లో పెట్టండి. బాబాయి అలిగినా ఫర్వాలేదు.

మూడో అడుగు: గది కన్నా ముందు మనుషులు

ప్రతి శిబిరంలో ‘జిమ్మేదారు’ అని ఒక పెద్దమనిషి ఉంటాడు. అద్దె వసూలు, గొడవల రాజీ, బయటినుంచి వచ్చినవాళ్లతో మాటలు, అన్నీ ఆయన చేతి మీదుగానే. ముందు ఆయన్ని కలవండి. ఆయనతోనే ఆగిపోకండి. జిమ్మేదారు గుడిసెకు దూరంగా ఉండే ఇళ్లకు ఏ కబురూ చేరదు. తల్లులను వేరే కూర్చోబెట్టి మాట్లాడాలి, అదీ ఆడవాళ్లే మాట్లాడాలి. బుగ్గలకు పచ్చగా తనఖా (చెట్టు బెరడు నూరి చేసే బర్మా గంధం) పూసుకుని కూర్చున్న ఆ తల్లులు మొదటి గంటంతా తలూపుతారు. లేచేటప్పుడు అడుగుతారు అసలు ప్రశ్న: “పొద్దుగూకాక పిల్లను ఇంటికి ఎవరు తెచ్చి దింపుతరు?” దానికి మీ దగ్గర జవాబుండాలి.

చుట్టుపక్కల కాలనీవాళ్ల సంగతి మరోటి. “మనవాళ్లకే దిక్కు లేదు, వీళ్లెవరో పరాయివాళ్లు” అంటారు. వాదనకు దిగొద్దు. నేను మా తాతగారి తరం గుర్తుచేస్తాను. కోరంగి రేవు నుంచి ఓడలెక్కి రంగూన్ వెళ్లిన తెలుగువాళ్లను బర్మాలో ‘కోరంగీలు’ అనేవారు. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక లక్షలాది భారతీయులు అడవులూ కొండలూ పట్టి నడుచుకుంటూ తిరిగొచ్చారు, దారిలో ఎందరో పోయారు. 1960లలో అక్కడి సైనిక పాలకుడు నే విన్ ప్రభుత్వం దుకాణాలు జాతీయం చేశాక మరో విడత వచ్చారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అన్న పేరు ఊరికే రాలేదు. ఇది చెప్తే అందరూ మారిపోతారని కాదు. ఒకరిద్దరు తమ ఇంట్లో బర్మా టేకు మంచం ఎక్కడినుంచి వచ్చిందో చెప్పడం మొదలుపెడతారు, మాట మెత్తబడుతుంది.

గది విషయంలో నా పట్టు రెండే: శిబిరం లోపల ఉండకూడదు, నడిచి వెళ్లలేనంత దూరం ఉండకూడదు. లోపల ఉంటే ఒక వర్గం సొత్తు అవుతుంది. వేళ మార్చకండి. మాది శనివారం 4 నుంచి 7. వాన పడ్డా, ఒక్కరే వచ్చినా గది తెరిచే ఉంటుంది. మొదటి ఏడాది పండగలకు, పరీక్షలకు మూసేవాళ్లం. మూసిన ప్రతిసారీ నలుగురైదుగురు జారిపోయారు, మళ్లీ రాలేదు. ‘మెగా క్యాంపులు’, బహుమతి ప్రదానాలు చేసే ఖర్చుతో గదికి ఆరు నెలల అద్దె వస్తుంది. నన్నడిగితే అద్దే కట్టండి.

నాలుగో అడుగు: పిల్లల భద్రత

ఇది చిన్నది, కానీ దీన్లో రాయితీ లేదు. గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లుండాలి. ఒక పిల్లతోనో పిల్లాడితోనో తలుపు మూసి ఒంటరిగా కూర్చోకూడదు. వలంటీర్లకు పోలీసు వెరిఫికేషన్ చేయించండి. పద్దెనిమిది లోపు వాళ్ల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పడం పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తప్పనిసరి. కుటుంబం వద్దన్నా, జిమ్మేదారు ‘మేమే చూసుకుంటాం’ అన్నా చెప్పాల్సిందే. పిల్లల సహాయానికి ఉన్న 1098 ఫోన్ నంబరు గోడ మీద ఉర్దూలో, తెలుగులో రాసి అంటించండి.

ఫోటోలు వద్దు. మొహాలు కనిపించే గ్రూప్ ఫోటో ఫేస్‌బుక్‌లో పెట్టి, ‘బాలాపూర్ రోహింగ్యా చిన్నారులతో మేము’ అని రాస్తే, మీకు లైకులు వస్తాయి. ఆ గుడిసెల వరసకు ఎవరొస్తారో మీ చేతిలో ఉండదు.

ఐదో అడుగు: కాగితాల సంచి

మా పనిలో అన్నిటికన్నా పనికొచ్చిన వస్తువు ఇరవై రూపాయల జిప్ ప్లాస్టిక్ సంచి. గుడిసెల్లో వానొస్తే తడుస్తాయి, నిప్పంటుకుంటే నిమిషాల్లో బూడిద. ప్రతి ఒక్కరికీ ఒక సంచి, దానిలో అన్నిటి నకళ్లు. అసలువి ఇంట్లో తలుపు దగ్గర మేకుకు వేలాడదియ్యమని చెప్తాం, పరుగెత్తేటప్పుడు చేతికి అందేలా. మరో వరస నకళ్లు కుటుంబం ఒప్పుకుంటేనే మా బీరువాలో పెడతాం.

సంచిలో ఏమేం ఉండాలి? యూఎన్‌హెచ్‌సీఆర్ కార్డు, లేదా ‘పరిశీలనలో ఉంది’ అనే తొలి పత్రం. దాని గడువు తేదీని ఒక్కొక్కరికీ మీ క్యాలెండర్‌లో రాసుకోండి. గడువు ముగిసిన కార్డుతో అడ్డా మీద నిలబడ్డ కుర్రాడి పరిస్థితి అసలు కార్డు లేనివాడి కన్నా పెద్దగా నయమేమీ కాదు. పెళ్లి, పుట్టుక, చిరునామా మార్పు, ఏది జరిగినా ఆ సంస్థకు తెలియజెయ్యాలి. టీకాల చీటీ, బడి ప్రోగ్రెస్ కార్డు, ఆసుపత్రి డిశ్చార్జి కాగితం చిత్తుకాగితాల్లా కనిపిస్తాయి గానీ, ఫలానా ఏడాది ఫలానా పిల్ల ఇక్కడ ఉందని చెప్పగలిగేవి అవే.

ఇక్కడ పుట్టిన బిడ్డల జనన నమోదు సంగతి వేరే చెప్పాలి. పుట్టిన 21 రోజుల్లో నమోదైతే ఖర్చూ లేదు, తిప్పటా లేదు. ఏడాది దాటితే మెజిస్ట్రేట్ స్థాయి ఉత్తర్వు కావాలి. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవాళ్లకు బడి ప్రవేశం దగ్గర్నుంచి చాలావాటికి జనన ధ్రువపత్రమే ఆధారమని చట్టం సవరించారు. అంటే ఇప్పుడు ఉయ్యాలలో ఉన్న పిల్లకు రేపు ఈ ఒక్క కాగితం లేకపోతే దారి మూసుకుపోతుంది. మా దగ్గర పదిహేడు, పద్దెనిమిదేళ్ల అన్నయ్యలకే ఈ పని అప్పజెప్పాం. ఇంట్లో కాన్పు అయితే ఆ వారంలోనే ఎక్కడికి వెళ్లాలో, ఏ ఫారం నింపాలో వాళ్లకు కంఠతా వచ్చు. ఈ ధ్రువపత్రం పుట్టుకకే సాక్ష్యం, పౌరసత్వానికి కాదు. 2004 డిసెంబరు 3 తర్వాత తల్లిదండ్రుల్లో ఒక్కరు అక్రమ వలసదారు అయినా, ఇక్కడ పుట్టినంత మాత్రాన పౌరసత్వం రాదు. ఈ ముక్క దాచకుండా చెప్పండి.

ఆధార్. ప్రతి కొత్త వలంటీరూ మొదటి వారమే అడుగుతాడు, “ఒక ఆధార్ చేయించేస్తే పోదా సార్?” పోదు. ‘వెయ్యి రూపాయలిస్తే చేయిస్తా’ అనే బ్రోకర్ మాట విని ఆధార్, ఓటరు కార్డు తీసుకున్నవాళ్లు ఈ నగరంలోనే జైలు చూశారు. తప్పుడు వివరాలతో తీసుకున్న కార్డు వల్ల చేతిలో ఉన్న శరణార్థి కార్డుకూ విలువ పోతుంది. పదహారేళ్ల పిల్లలకు ఈ సంగతి చెప్పడం నాకు ఇప్పటికీ కష్టమే. సిమ్ కార్డుకు, బ్యాంకు ఖాతాకు, హాల్ టికెట్‌కు అన్నిటికీ అడిగేది దాన్నే అయినప్పుడు ‘వద్దు’ అనడం తేలిక కాదు.

బస్సు టికెట్ల సంగతి చెప్తానన్నాను. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం. రాష్ట్ర చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. మా అమ్మాయిలిద్దరితో ఒకసారి అఫ్జల్‌గంజ్ లైబ్రరీకి బయల్దేరాను. కండక్టరమ్మ నవ్వుతూ “ఆధార్ చూపియ్యు బిడ్డా” అంది. చిన్నది కిటికీ వైపు తిరిగింది. పెద్దది పర్సులోంచి ముప్పై రూపాయలు తీసి ముందే లెక్కపెట్టుకున్నట్టు చేతిలో పెట్టింది. బస్సులో ఆడవాళ్లంతా సున్నా టికెట్ తీసుకుంటుంటే డబ్బు పెట్టి టికెట్ కొనేది వీళ్లిద్దరే. అప్పటినుంచి బయటికి వెళ్లే ప్రతిసారీ చిల్లర కవర్లో పెట్టి ముందే ఇచ్చేస్తున్నాం, నలుగురిలో లెక్కపెట్టే పని లేకుండా.

ఆరో అడుగు: బడిలోకి, బడి దాటాక

విద్యాహక్కు చట్టం 2009లో ఉన్న మాట ‘ప్రతి బాలుడు, బాలిక’. పౌరుడు అన్న మాట లేదు. 6 నుంచి 14 ఏళ్ల వారికి వయసుకు తగ్గ తరగతిలో ప్రవేశం, వెనకబడితే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 4వ సెక్షన్, వయసు ధ్రువపత్రం లేదని నిరాకరించకూడదని 14వ సెక్షన్ చెప్తాయి. ఈ రెండు సెక్షన్ల తెలుగు పాఠం ఒక పేజీలో అచ్చు తీసి జేబులో పెట్టుకోండి. 2025 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు ఢిల్లీ రోహింగ్యా పిల్లల వ్యాజ్యంలో, పిల్లలు ముందు బడికే వెళ్లి అడగాలని, అర్హత ఉండీ కాదంటే హైకోర్టుకు వెళ్లొచ్చని చెప్పింది.

చట్టం చేతిలో ఉందని హెడ్మాస్టరుతో దెబ్బలాటకు దిగొద్దు. జూన్‌లో బడిబాట జరిగేటప్పుడు వెళ్లండి. టీచర్లే ఇంటింటికీ తిరిగి పిల్లల్ని చేర్పించే రోజులవి, సంఖ్య పెరిగితే వాళ్లకూ మంచిదే. ఆన్‌లైన్‌లో ఆధార్ గడి ఖాళీగా ఉంటే ఏం చెయ్యాలో తెలియక భయపడే హెడ్మాస్టర్లు ఉంటారు, దుర్మార్గులు కారు. ప్రవేశానికి దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం అడగండి. సంతకం అడిగాక సగం అడ్డంకులు వాటంతటవే తొలగిపోవడం చాలాసార్లు చూశాను.

పద్నాలుగు దాటిందా, చట్టం చెయ్యి వదిలేస్తుంది. మన అసలు పని అక్కడ. ఆరో తరగతి మధ్యలో మానేసి మూడేళ్లు ప్లాస్టిక్ ఏరిన కుర్రాడిని మళ్లీ పన్నెండేళ్ల పిల్లల పక్కన కూర్చోబెడితే వారం తిరక్కుండా మాయమవుతాడు. వీళ్లకు ఓపెన్ స్కూలు నయం. పదో తరగతికి 14, ఇంటర్‌కు 15 ఏళ్లు నిండితే చాలు, సబ్జెక్టులు విడతలుగా రాసుకోవచ్చు. గుర్తింపు కింద ఏ పత్రం తీసుకుంటారో ఫీజు కట్టకముందే స్టడీ సెంటర్‌లో అడగండి. ఒకచోట కాదన్నారని ఇంకోచోట కాదనరు. డిగ్రీ దాకా వెళ్లినవాళ్లకు డాఫీ అనే స్కాలర్‌షిప్ ఉంది. 1992 నుంచి జర్మనీ ప్రభుత్వ సాయంతో యూఎన్‌హెచ్‌సీఆర్ నడిపిస్తోంది. తస్మీదా జోహార్ అనే రోహింగ్యా అమ్మాయి 2022లో ఢిల్లీ విశ్వవిద్యాలయం నుంచి డిగ్రీ పట్టా అందుకున్న వార్త మా గది గోడ మీద ఇంకా ఉంది. అంచులు చిరిగాయి, తియ్యనివ్వరు.

ఏడో అడుగు: ఆ మూడు గంటలు

మొదటి అరగంట టీ, ఉస్మానియా బిస్కెట్లు. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు. పనినుంచి నేరుగా వచ్చినవాళ్లు చేతులు కడుక్కోవడానికి సబ్బు, తువ్వాలు తప్పకుండా ఉంచండి. స్క్రాప్ గోదాం నుంచి వచ్చినవాడు వాసన వస్తుందేమోనని గుమ్మం దగ్గరే నిలబడిపోతాడు.

తర్వాత తెలుగు. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం బడుల్లో తెలుగు తప్పనిసరి, ఈ పిల్లలకు కొరకరాని కొయ్య అదే. ఇంట్లో రోహింగ్యా, వీధిలో దక్కనీ, మదర్సాలో అరబీ. తెలుగు అక్షరం బడి గోడ దాటి కనిపించదు. మేము ‘అ ఆ’లతో మొదలుపెట్టి రెండు నెలలు వృథా చేశాం. ఒకరోజు నల్లబల్ల మీద దుకాణం, కుర్చీ, జేబు, తారీఖు, హాజరు, నకలు, ఖాళీ, జవాబు, వసూలు అని రాసి చదివి వినిపించాను. వెనక వరసలోంచి ఒకడు, “ఇది తెలుగా? ఇది మా జబానే గదా భయ్యా!” అని లేచాడు. ఆ తొమ్మిది మాటలతోనే సగం అక్షరాలు వచ్చేశాయి. వత్తులకు మాత్రం పాల ప్యాకెట్లు, కరెంటు బిల్లు, బస్సు బోర్డులు పట్టుకోవాల్సి వచ్చింది. ఉర్దూ అలవాటుతో కొందరు నోటుబుక్కు వెనక అట్టవైపు నుంచి తెరుస్తారు. తెరవనివ్వండి. వాక్యం ఎడమనుంచి మొదలైతే చాలు.

చివరి గంట ఆట. ఫుట్‌బాల్‌కు నేల దొరికితే అదృష్టం. లేకపోతే చిన్లోన్ ఆడతారు, వెదురుబెత్తం బంతిని కింద పడకుండా కాళ్లతో, మోకాళ్లతో తన్నే మయన్మార్ ఆట. దీనికి కొంచెం జాగా చాలు. మీరూ దిగండి. మీకు చేతకాక బంతి మురిక్కాలవలో పడితే ఆ రోజంతా మీ పేరు చెప్పుకుని నవ్వుకుంటారు, అది మంచిదే.

ఎనిమిదో అడుగు: అమ్మాయిలు

పన్నెండు, పదమూడు దాటిన అమ్మాయి బయట కనిపించడం తగ్గిపోతుంది. శనివారం సాయంత్రం కేంద్రం ఎంత బాగున్నా ఆమె రాదు. వీళ్లకు వేరే వేళ పెట్టాలి. మాది ఆదివారం మధ్యాహ్నం 2 నుంచి 4, వలంటీర్లు ఆడవాళ్లే, తల్లి కూడా వచ్చి కూర్చోవచ్చు. కుట్టు మిషన్ పెట్టగానే ఇంట్లో ఒప్పుకున్నారు. కొలతలు రాయాలి కాబట్టి అంకెలు, అంకెల వెనకే అక్షరాలు వచ్చాయి.

పద్దెనిమిది నిండకుండా పెళ్లి మాట వస్తే ముందు తల్లితో మాట్లాడండి. భయం వల్లే పెళ్లి చేస్తున్నారు చాలామంది, గుడిసెకు గట్టి తలుపు కూడా ఉండదు కదా. ఆ భయానికి వేరే దారి చూపించగలిగితే ఏడాది, రెండేళ్లు వాయిదా పడుతుంది. మాట వినకుండా తేదీ పెట్టేస్తే 1098కు ఫోన్ చెయ్యాల్సిందే, సంబంధం చెడినా సరే. మేము ఒకసారి చేశాం. ఆ కుటుంబం మాతో మాట్లాడటం మానేసింది.

తొమ్మిదో అడుగు: మనసులో ఉన్నది

‘అక్కడ ఏం జరిగింది’ అని అడక్కండి. చూడు, విను, దారి చూపించు, ప్రథమ మానసిక చికిత్సకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే వరస ఇది. వాళ్లంతట వాళ్లు చెప్తే వినండి, చెప్పకపోతే మరో బిస్కెట్ ఇవ్వండి. కాలేజీ ప్రాజెక్టు కోసం వచ్చి ‘మీ కథ చెప్పండి’ అనే విద్యార్థులను నేను గుమ్మంలోంచే పంపేశాను.

పెద్దవాళ్ల భయం రఖైన్‌ది. ఇక్కడ పెరిగినవాళ్ల భయం వేరు: టీవీలో డిటెన్షన్ వార్త, వాట్సాప్‌లో తిరిగే వీడియో, అబ్బా రాత్రి ఆలస్యంగా రావడం. నిద్ర పట్టకపోవడం, ఉన్నట్టుండి తగాదాలు, చేతి మీద గాట్లు కనిపిస్తే మీరే సర్దెయ్యాలని చూడొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు కేంద్రం ఫోన్‌తోనే కలిపి మాట్లాడించండి, ఉర్దూలోనూ మాట్లాడతారు. తల్లిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేటప్పుడు పదేళ్ల కూతురిని దుబాసీగా వాడకండి. తల్లి గర్భస్రావం సంగతి ఆ పిల్ల నోటితో చెప్పించిన పాపం మేమూ ఒకసారి చేశాం.

పదో అడుగు: పని

పద్నాలుగు లోపు వాళ్లను బయట పనిలో పెట్టుకోవడం చట్టవిరుద్ధం, పద్దెనిమిది లోపు ప్రమాదకరమైన పనులు చట్టవిరుద్ధం. వీళ్లకు పని అనుమతి అంటూ ఏదీ లేదు కాబట్టి ‘ప్లేస్‌మెంట్’ మాట ఎత్తకండి. చేతిపని నేర్పించొచ్చు: కుట్టు, మెహందీ, సెల్‌ఫోన్ రిపేరు. సర్టిఫికెట్ కన్నా పనిముట్ల పెట్టె ఇస్తే మేలు. మలేషియా పంపిస్తా, ఫలానా ఊళ్లో పెద్దింటి సంబంధం ఉంది అనే వాళ్ల సంగతి నెలకోసారి గదిలో మాట్లాడండి. కూలి ఎగ్గొట్టిన మేస్త్రీ పేరు, రోజు, ఎన్ని రోజుల పనో అదే రాత్రి నోటుబుక్కులో రాసుకోవడం నేర్పండి. తెలుగు పాఠం అక్కడ పనికొచ్చింది మాకు.

పదకొండో అడుగు: కష్టం వచ్చిన రోజు

ఎవర్నైనా పట్టుకెళ్లారని ఫోన్ వస్తే వరస ఇది. ఏ స్టేషన్, ఎన్ని గంటలకు, కార్డు చేతిలో ఉందా, రాసుకోండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు చెప్పండి. ఆడవాళ్లకు, పిల్లలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఉచిత వకీలును ఇవ్వాలని 1987 చట్టం చెప్తోంది, హెల్ప్‌లైన్ 15100. యూఎన్‌హెచ్‌సీఆర్‌కు, వాళ్ల స్థానిక భాగస్వామ్య సంస్థకు కబురు పెట్టండి. పద్దెనిమిది లోపు వాళ్లయితే లాకప్‌లో పెట్టకూడదని బాలల న్యాయ చట్టం ఉంది. జనవరి 1 పుట్టినరోజు ఇక్కడే కొంప ముంచుతుంది, అందుకే ఆ బడి చీటీలు, టీకా చీటీలు దాచమన్నాను. స్టేషన్ బయట గుంపు కట్టొద్దు, లైవ్ పెట్టొద్దు. ఇద్దరు వెళ్లండి, మెల్లగా మాట్లాడండి.

మీరు మానేయాల్సి వస్తే

ఉద్యోగం మారుతుంది, పెళ్లవుతుంది, ఊరు మారతారు. వెళ్లేవాళ్లు కనీసం నాలుగు శనివారాల ముందు చెప్పాలి, కొత్తవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోవాలి. చెప్పకుండా మాయమైన పెద్దవాళ్లను ఈ పిల్లలు ఇప్పటికే చాలామందిని చూశారు. మా గది తాళంచెవి ఒకటి నా దగ్గర, రెండోది ఆ వానాకాలం కుర్రాడి దగ్గర ఉంటుంది. నేను 4కు వెళ్లేసరికి తలుపు తీసి, టీ గిన్నె పొయ్యి మీద పెట్టి, రిజిస్టర్‌లో తారీఖు రాసి ఉంచుతాడు. ‘హాజరు’ అన్న మాటకు మాత్రం ఇప్పటికీ దీర్ఘం ఎగ్గొడతాడు.